కొత్త డాస్ ఒక ప్రశ్న ఎక్కువ అడిగింది

మీ ఫోన్లు మీరు నిద్రపోతున్నప్పుడు తమంతట తామే కొత్త వెర్షన్‌లోకి మారిపోతున్నాయి. పొద్దున లేచి చూస్తే ఒక మూల ఉన్న గుర్తు ఇంకో మూలకు జరిగి ఉంటుంది. కాసేపు విసుక్కుంటారు, టీ తాగేలోపు అలవాటు పడిపోతారు. మా కాలంలో కొత్త వెర్షన్ అంత గుట్టుగా వచ్చేది కాదు. వస్తున్నానని మనిషి చేత కబురు పెట్టి మరీ వచ్చింది. ఆ కబురు అందుకున్నవాణ్ణి నేనే. అందుకుని ఏం చేశానో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఆదోనిలో నాకొక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. డెబ్భైలలో ఒక పత్తి గోదాము మీది మిద్దెలో మొదలుపెట్టాను. యజమాని నేనే, మాస్టరు నేనే, పొద్దున్నే కసువు ఊడ్చేదీ నేనే. ఊళ్లోవాళ్లు "ఆయనదో టైపులే" అనేవాళ్లు. వృత్తిరీత్యా ఆ మాటను కాదనలేకపోయేవాణ్ణి. టైపు పరీక్షల్లో హయ్యర్ పాసయినా జీవితంలో లోయర్‌లోనే ఉండిపోయానని మా ఆవిడ అనేది. అదీ కాదనలేకపోయేవాణ్ణి.

మాది ఎమ్మిగనూరు, మగ్గం ఉన్న ఇల్లు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టకుండా తప్పించుకుని ఆదోనికి వచ్చినవాణ్ణి. తప్పించుకున్నానని అనుకున్నానే గానీ, నా పాఠానికి మూలం మా నాయన మగ్గమే. పోగును అటూ ఇటూ మోసే నాడె విసిరేటప్పుడు ఆయన చేతుల వంక చూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. గుంటలో కాళ్లు ఏ చెక్కను తొక్కుతున్నాయో తెలియడానికి ఆయనకు కళ్లతో పనిలేదు. పని వచ్చినవాడు చేతుల్ని చూసుకోడు అన్నది చిన్నప్పుడే నా బుర్రలోకి ఎక్కింది.

అందుకే ఇన్‌స్టిట్యూట్‌లో చేరినవాళ్లకు మొదటిరోజే ఒక నియమం చెప్పేవాణ్ణి. చూడకుండా కొట్టాలి. కళ్లు ఎడమపక్క పెట్టిన కాగితం మీదనే ఉండాలి. వేళ్ల వంక చూడకూడదు, మిషనులో పైకి వస్తున్న కాగితం వంకా చూడకూడదు. లైను చివరికి వస్తే మిషనే టింగుమని గంట కొడుతుంది. గంట వినపడగానే మీట లాగి కొత్త లైనుకు రావాలి. కంటికి కాగితం, వేలికి కీ, చెవికి గంట. ఎవరి పని వాళ్లు చూసుకుంటే తప్పు రాదు. తల ఎత్తినవాళ్లకు స్కేలు చూపించేవాణ్ణి. పిల్లలు నా ముందు తలొంచుకుని ఉన్నారంటే అది వినయం కాదు, భయం.

మా మిషన్లను బాగుచేయడానికి ఆదోని పాతబస్తీ నుంచి ఒక మెకానిక్ వచ్చేవాడు. మేమంతా ఆయన్ని భాయ్ అనేవాళ్లం. చేతిలో పనిముట్ల సంచీ, చెవి మీద చిన్న బ్రష్షు. చుట్టూ పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లులు కావడంతో మా ఊరి గాలిలో ఎప్పుడూ దూది తేలుతూ ఉండేది. అది టైపు మిషన్ల కడుపులోకి పోయి, నూనెతో కలిసి ఉండ కట్టేది. ఆ ఉండల్ని బ్రష్షుతో పీకుతూ, ఈ ఊళ్లో దూది ఉన్నన్నాళ్లూ తనకు పని ఉంటుందని భాయ్ ధీమాగా చెప్పేవాడు. కీలను గట్టిగా బాదే పిల్లల్ని చూస్తే ఆయనకు ప్రాణం పోయేది. "మెల్లగప్పా, దేవరగట్టు జాతరలో కర్రలెత్తినట్లు దాని మింద పడతాండారేంది" అనేవాడు.

ఎనభైలు సగం దాటాక కాలం మారింది. కర్నూలులో ఒక ఆఫీసు వదిలించుకున్న కంప్యూటరును నేను తెచ్చుకున్నాను. దానికి రెండు ఫ్లాపీ అరలు ఉండేవి. ఫ్లాపీ అంటే పల్చటి నల్లటి పలక, అందులోనే మన రాతకోతలన్నీ. పేరులోనే ఫ్లాపు పెట్టుకున్న వస్తువు ఏం బాగుపడుతుందని నాకు అనుమానం. పొద్దున్నే ఒక అరలో డాస్ ఫ్లాపీ పెడితే గానీ కంప్యూటరుకు మెలకువ వచ్చేది కాదు. దాన్ని నిద్రలేపి, మన మాట వినేలా చేసే ప్రోగ్రామే డాస్. దాని ముందు కూర్చున్న మొదటి నెలలో నేను మాస్టరునన్న మాట మరిచిపోయి, డాసుకు దాసుణ్ణయ్యాను.

ఆ తర్వాత దాన్ని నా దారికి తెచ్చుకున్నాను. అంటే, టైపు నేర్పినట్లే డాస్ నేర్పడం మొదలుపెట్టాను. కొత్త ఫ్లాపీని వాడకానికి సిద్ధం చేయడాన్ని ఫార్మాట్ చేయడం అంటారు. ఆ ఆజ్ఞ కొట్టాలి, ఎంటర్ కొట్టాలి, ఇంకోసారి ఎంటర్ కొట్టాలి. ఫ్లాపీ గరగరలాడుతుంది. గరగర ఆగిందంటే పని అయినట్లు. అప్పుడది ఇంకో ఫ్లాపీ చేయాలా అని అడుగుతుంది. అడిగిందా లేదా అని చూడనక్కర్లేదు, ఎలాగూ అడుగుతుంది గనుక వద్దనడానికి ఎన్ అని కొట్టి ఎంటర్ కొట్టాలి. తర్వాత ఉత్తరం మొదలు. పిల్లలు దీన్ని ఎక్కాల మాదిరి వల్లించేవాళ్లు. దూది పడకుండా కంప్యూటరు తెరకు మా ఆవిడ ఒక నీలం గుడ్డ కుట్టి ఇచ్చింది. స్పీడు ప్రాక్టీసులో ఎవరూ తల ఎత్తకుండా నేను ఆ గుడ్డను తెర మీద అలాగే ఉంచేవాణ్ణి.

అది చూసి భాయ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "మా ఇండ్లల్లో గూడ ఇంత పరదా లేదు సార్. దాని మొగమన్నా సూడనియ్యండి పిల్లోల్లను."

నవ్వుతున్నాడే గానీ ఆయన సంచీ అప్పటికే తేలికవుతోంది. ఒక్కొక్క మిల్లూ టైపు మిషన్లను పాత ఇనుముకు వేసేస్తోంది. దూది ఉంది గానీ దూది పట్టే మిషన్లు తగ్గిపోయాయి. ఒకరోజు భాయ్ ఇంటర్ పాసైన కూతుర్ని వెంటబెట్టుకుని మిద్దె ఎక్కాడు. ఆ ఇంట్లో ఆయన తర్వాత పనికి పోగలిగింది ఆ అమ్మాయి ఒక్కతే. అమ్మాయిని నా ముందు నిలబెట్టి ఆయన అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

"నా పని నాతోనే ఆగిపోతాది సార్. దీని సేతికి కొత్త పని పట్టియ్యండి."

అంతమంది శిష్యుల్లో అంత తొందరగా పట్టుకున్న చెయ్యి నేను చూడలేదు. ఆ అమ్మాయి తల ఎత్తమన్నా ఎత్తేది కాదు. తప్పు లేకుండా, తడబడకుండా కొట్టేది. ఆమెను చూపించి మిగతావాళ్లను తిట్టడం నాకు రోజువారీ పని అయిపోయింది. పొగడ్త కూడా నా నోట్లో తిట్టుగానే బయటికి వచ్చేది.

అప్పుడే ఊరి అంచున ఒక మిల్లు కొత్త కంప్యూటరు తెచ్చింది. దాన్ని చూసుకోవడానికి బళ్లారి నుంచి ఒక కుర్రాడు ఇన్‌ఛార్జిగా వచ్చాడు. ఆయన కింద ఒక్క ఆపరేటరు ఉద్యోగం. పరీక్షకు పిల్లల్ని పంపమని నాకు కబురు చేస్తూ, తమ దగ్గర ఉన్నది కొత్త డాస్ అని, ఆ సంగతి పిల్లలకు చెప్పి పంపమని కూడా చెప్పించాడు.

నేను చెప్పలేదు. చెప్పాల్సినంత సంగతి అందులో ఏముందనిపించింది. నా కాలంలో ఎన్ని కొత్త మోడల్ టైపు మిషన్లు రాలేదు? రంగు మారింది, మూత మారింది, అక్షరాలు మాత్రం ఉన్నచోటు నుంచి ఒక్క అంగుళం కదల్లేదు. కొత్త డాస్ కూడా అలాగే కొత్త మూత వేసుకుని వచ్చి ఉంటుంది అనుకున్నాను. భాయ్ మాత్రం, మిషను కొత్తదంటే ఏదో ఒక నట్టు కొత్తగా ఉంటుంది, చూసుకోండి అన్నాడు. నట్ల సంగతి నీకు, కీల సంగతి నాకు అని ఆయన నోరు మూయించాను.

శనివారం పరీక్ష. నా శిష్యులు ముగ్గురు వెళ్లారు. ఇద్దరు అబ్బాయిలు, భాయ్ కూతురు. వెంట నేను. పొద్దున్నే స్టేషను దగ్గర అందరికీ ఉగ్గాని, బజ్జీ నేనే తినిపించాను. మిల్లులో కంప్యూటరు గది గుడి మాదిరి ఉంది. చెప్పులు బయట విడవాలి, లోపల చల్లగా ఉంది. నన్ను అద్దం తలుపు బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. ఒక్కొక్కరుగా లోపలికి పోయి ఫ్లాపీ ఫార్మాట్ చేసి, ఇచ్చిన ఉత్తరం కొట్టి, దాచి రావాలి. ఇన్‌ఛార్జి చేతులు కట్టుకుని వెనక నిలబడతాడు, ఏమీ మాట్లాడడు.

భాయ్ కూతురిది చివరి వంతు. అద్దంలోంచి ఆమె వీపు కనపడుతోంది. నిటారుగా కూర్చుంది, తల ఎడమకు తిరిగి ఉంది, కళ్లు కాగితం మీద. అచ్చం నా పాఠం. ఫ్లాపీ గరగర ఆగింది, వేళ్లు కదిలాయి. కాసేపటికి లోపల్నుంచి కూ, కూ అని గంట వినపడింది. అబ్బాయిలు కొట్టినప్పుడూ అలాగే వినపడింది. కొత్త కంప్యూటరుకు లైను చివర గంట కూడా పెట్టారన్నమాట, పరవాలేదే అని సంతోషపడ్డాను. నా ప్రతిష్ఠ కూలిపోతున్న చప్పుడుకు తాళం వేస్తూ కూర్చున్నాను.

అంతా అయ్యాక ఇన్‌ఛార్జి నన్ను లోపలికి పిలిచి తెర చూపించాడు. అందులో ఉత్తరం లేదు. ఒక్క అక్షరం లేదు. పైనుంచి కిందిదాకా ఒకే ప్రశ్న వరస కట్టి ఉంది.

జరిగింది ఇది. పాత డాస్ ఫార్మాట్ అయ్యాక ఒక్కటే ప్రశ్న అడిగేది. కొత్త డాస్ దానికి ముందు ఇంకొకటి అడుగుతుంది, ఈ ఫ్లాపీకి ఏం పేరు పెడతావు అని. మా పిల్లలు తెర చూడరు గనుక, అలవాటు ప్రకారం ఎన్ కొట్టారు. ఫ్లాపీ పేరు ఎన్ అయింది. అప్పుడది ఇంకో ఫ్లాపీ చేయాలా అని అడిగింది. మా పిల్లలు దానికి జవాబుగా ఉత్తరం మొదలుపెట్టారు. అవునో కాదో చెప్పమంటే ఉత్తరం చదువుతారేమిటని అది కూయడం మొదలుపెట్టింది. గంట మోగింది గనుక మా పిల్లలు ఎంటర్ కొట్టి కొత్త లైనుకు పోయారు. అది మళ్లీ అదే ప్రశ్న అడిగింది. ఉత్తరం చివర ఇంగ్లీషులో 'ఇట్లు తమ విధేయుడు' అని కొట్టబోతే, అందులో మొదటి అక్షరం వైని అది అవునన్న జవాబుగా తీసుకుని, ఎంతో విధేయంగా ఇంకోసారి ఫార్మాట్ చేయడానికి తయారైంది.

ఇన్‌ఛార్జి నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"ముగ్గురూ ఒకే తప్పు, ఒకే చోట చేసినారు సార్. ఒకరినొకరు చూసుకునే దానికి లేదు, ఒక్కొక్కరే లోపలికి వచ్చినారు. ఇది మీ పాఠమే, హౌదా?"

ఆ కన్నడం హౌదాకు అవునన్నాను. భాయ్ కూతురు పక్కనే నిలబడి ఉంది. ఏడవలేదు. మొదటిసారి తల ఎత్తి నా ముఖంలోకి చూసింది.

"గంట కొడితే లైను మార్చమన్నారు గదా సార్. మార్చినా."

ఇన్‌ఛార్జిని అడిగాను, ఇంకొక్కసారి పరీక్ష పెట్టమని. సోమవారం పొద్దున పెడతానని, అప్పుడూ ఇంతే అయితే బళ్లారి నుంచి తెలిసినవాళ్లను పిలిపించుకుంటానని ఆయన చెప్పాడు. కొత్త డాస్ ఇంకా ఏమేం కొత్తగా అడుగుతుందో చెప్పమంటే, తనకూ పూర్తిగా తెలియదని, అది అడిగినప్పుడు చూసుకుని చెబుతానని అన్నాడు.

సాయంత్రం ఎమ్మిగనూరు బస్సెక్కాను. ఆదివారాలు నేను నాయన దగ్గర గడిపేవాణ్ణి. దారి పొడుగునా కొత్త ఎక్కం కడుతూ పోయాను. ఎన్‌కు ముందు ఒక ఎంటర్ చేరిస్తే చాలు, ఒక్కరోజులో వల్లె వేయించొచ్చు. ఊరు చేరేసరికి ఎక్కం తయారైంది, మనసు తేలికపడింది.

ఆదివారం పొద్దున నాయన మగ్గం దగ్గర కూర్చుని అదే ఎక్కం గొణుక్కుంటున్నాను. ఆయన నేస్తున్నాడు. నాడె అటూ ఇటూ పోతోంది, చేతులు వాటంతట అవే ఆడుతున్నాయి. ఉన్నట్టుండి మగ్గం ఆగింది. ఒక పోగు తెగింది. నాకు కనపడను కూడా లేదు. ఆయన వంగి, ముడేసి, మళ్లీ మొదలుపెట్టాడు. కాసేపటికి మళ్లీ ఆగింది, ఇంకో పోగు, ఇంకో చోట. ఎక్కడ తెగుతుందో ఎవరు చెప్పగలరు? అప్పుడు చూశాను ఆయన కళ్ల వంక. పుట్టినప్పటి నుంచి చూస్తున్న మగ్గమే. ఆయన చేతుల్ని చూడడు, నిజమే. కాళ్లను చూడడు, అదీ నిజమే. కానీ ఆయన కళ్లు ఒక్క రెప్పపాటు కూడా గుడ్డ మీది నుంచి కదలడం లేదు. సగం మగ్గం చూసి నేను బతుకంతా పాఠం చెప్పాను.

బస్సులో కట్టిన ఎక్కాన్ని అక్కడే వదిలేసి, భోజనం కూడా చేయకుండా ఆదోని బస్సెక్కాను. ఏమయిందిరా అని నాయన అడిగితే, పోగు తెగింది నాయనా, ముడేసి వస్తా అన్నాను.

మధ్యాహ్నం ముగ్గురినీ మిద్దె మీదికి పిలిపించాను. భాయ్ కూడా వచ్చాడు. మా దగ్గర కొత్త డాస్ లేదు. అది ఎలా ఉంటుందో నాకు తెలియదు. తెలిసింది ఒక్కటే, అది ఎప్పుడు ఏం అడుగుతుందో తెలియదని. కాబట్టి కొత్త డాస్‌ను మేమే తయారు చేసుకున్నాం. తెర మీది నీలం గుడ్డ తీసేశాను. ఒక పలక మీద ఇంగ్లీషులో ప్రశ్నలు రాసి భాయ్ చేతికిచ్చాను. పిల్లలు కొడుతూ ఉంటారు, ఆయన తనకు బుద్ధి పుట్టినప్పుడు, చప్పుడు చేయకుండా, పలకను తెర ముందు ఎత్తాలి. వాళ్లు ఆగి, చదివి, జవాబు చెప్పి, అప్పుడు ముందుకు పోవాలి.

భాయ్‌కు ఈ ఉద్యోగం బాగా నచ్చింది. కొన్ని ప్రశ్నలు తనే కల్పించుకున్నాడు. పలక ఎత్తి, వాళ్లు చదివేదాకా ఆగలేని తొందరలో నోటితోనే అడిగేవాడు. "పేరేందమ్మా? నిజంగా తుడిసెయ్యమంటావా? బాగా ఆలోసించుకున్న్యావా?" అబ్బాయిలు పడిపడి నవ్వి, నవ్వులోనే తల ఎత్తడం నేర్చుకున్నారు.

ఆయన కూతురికే కష్టమైంది. నేను అంత గట్టిగా నేర్పాను మరి. పలక ఎత్తినా ఆమె వేళ్లు ఆగేవి కావు. నాలుగైదు మాటలు దాటిపోయాక ఉలిక్కిపడి చూసేది. తల ఎత్తితే వేళ్లు తడబడేవి, వేళ్లు కుదిరితే తల వంగిపోయేది. పొద్దు వాలేదాకా భాయ్ పలక ఎత్తుతూనే ఉన్నాడు. భుజం నొప్పి పుట్టి చెయ్యి మార్చుకుంటున్నాడు గానీ కోప్పడలేదు. నేను స్కేలు ఎక్కడుందో కూడా మరిచిపోయాను.

చివరికి ఆయన పలక పక్కన పెట్టేసి ఊరికే నిలబడ్డాడు. ఆమె కొడుతోంది. కొడుతూ కొడుతూ తనే ఆగి తల ఎత్తింది. ముందు తెర వంక చూసింది, తర్వాత తండ్రి వంక.

"ఏమబ్బా, ఏమీ అడగలేదే?"

"అడగలేదని సూసినావు గదా. సాలు" అన్నాడు భాయ్.

సోమవారం మళ్లీ చెప్పులు విడిచాం. అబ్బాయిలిద్దరూ పేరు అడిగినప్పుడు చూసి, ఏ పేరూ లేకుండా ఎంటర్ కొట్టి, పని ముగించారు. అదీ సరైనదే. భాయ్ కూతురు వంతు వచ్చింది. తలుపు ఈసారి ఓరగా తీసి ఉంది. ఫ్లాపీ గరగరలాడి ఆగింది. ఆమె వేళ్లు కీల మీదకు వచ్చి, అక్కడే ఆగాయి. తల లేచింది.

"సార్, దీనికొక పేరు అడుగుతాంది. ఏం పెట్టమంటారు?" అని ఇన్‌ఛార్జిని అడిగింది.

ఆయన కట్టుకున్న చేతులు విప్పాడు. తను ఇంతవరకు ఏ ఫ్లాపీకీ పేరు పెట్టలేదని, ఆమె ఇష్టమని చెప్పాడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి ఇంగ్లీషులో నాలుగు అక్షరాలు కొట్టింది. ఇంకో ఫ్లాపీ చేయాలా అని అడిగితే, చూసి, వద్దంది. ఉత్తరం మొదలుపెట్టింది. మధ్యమధ్యలో తల ఎత్తుతోంది. ఎత్తిన ప్రతిసారీ చెయ్యి కాస్త తడబడుతోంది. నా దగ్గర ఒక్క తప్పు కూడా చేయని అమ్మాయి ఆరోజు నాకు తెలిసి రెండు మూడు తప్పులు కొట్టింది. కొట్టి, చూసి, దిద్దుకుంది. నా శిష్యులెవరూ తప్పు కొట్టినప్పుడు నేను అంత సంబరపడలేదు.

ఇన్‌ఛార్జి ఫ్లాపీ తెరిచి ఉత్తరం చదివాడు. పైన ఉన్న పేరు దగ్గర ఆగి, ఈ అబ్బా అంటే ఏమిటి, విసుగొచ్చిందా అని అడిగాడు.

"మా నాయన సార్. మొదట ఆయనే అడిగినాడు" అంది.

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. నేను తలుపు దగ్గర నిలబడే పలక సంగతి చెప్పాను. ఈసారి నవ్వాడు. ఉద్యోగం ఎవరికని నేను అడగలేదు, ఆయన చెప్పనూ లేదు. ఆ పక్క కుర్చీ మీద ఉన్న కాగితాల కట్ట తీసి, ఇక్కడ కూర్చోమని ఆమెకు కుర్చీ చూపించాడు.

నేను ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేసరికి భాయ్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మిల్లు దగ్గరికి రమ్మంటే తన గుండె తట్టుకోదని రాలేదు. ఉద్యోగం సంగతి చెప్పాను. కళ్లు మూసుకుని రెండు చేతులూ ముఖానికి తాకించుకున్నాడు. తర్వాత ఫ్లాపీ పేరు సంగతి చెప్పాను.

"నా పేరా సార్?" అన్నాడు. "ఆ మిషన్ను నేనొక్కసారన్నా ఇప్పి సూడలేదే."

లేచి లోపలికి వచ్చాడు. సంచీ తెరిచి, నూనె డబ్బా తీసి, అలవాటుగా మొదటి టైపు మిషను మూత ఎత్తాడు. తుడవడానికి గుడ్డ వెతుక్కుంటుంటే, కంప్యూటరు పక్కన మడత పెట్టి ఉన్న నీలం పరదా కనిపించింది. దాన్ని చేతిలోకి తీసుకుని, ఇక మీకిది పనికొస్తుందా అన్నట్లు నా వంక చూశాడు.

తీసుకో భాయ్ అన్నాను. ఆయన ముందుగా కంప్యూటరు దగ్గరికి పోయి, దాంతో తెర మీది దూదిని తుడిచాడు. ఆ తర్వాతే తన పని మొదలుపెట్టాడు.